గుడి గోడల మధ్య ఊరు: మెదీనెత్ హాబూ

అందరికీ నమస్కారం. ఇంత ఎండలోనూ ఇంతమంది వచ్చినందుకు చాలా సంతోషం. వెనక ఉన్నవాళ్లు కాస్త ముందుకొచ్చి కూర్చుంటే తెర మీద బొమ్మలు బాగా కనిపిస్తాయి.

ఈజిప్టు సంగతి మొదలుపెట్టే ముందు మా ఊరి మాట ఒకటి చెప్పాలి. నా చిన్నప్పుడు వేసవిలో కోతలన్నీ అయిపోయాక బళ్లు కట్టి పాటిమన్ను తోలేవాళ్లు. మీలో పెద్దవాళ్లకు ఈ మాట తెలిసే ఉంటుంది. పాటి అంటే ఒకప్పుడు ఊరుండి, తర్వాత ఖాళీ అయిన చోటు. మనుషులు వెళ్లిపోయాక మట్టిగోడలు వానకు కరుగుతాయి. పొయ్యి బూడిద, పేడ, ఎముకలు, ఊడ్చి పోసిన చెత్త అంతా ఆ మట్టిలో కలిసి దిబ్బవుతుంది. ఆ మన్ను చేనుకి మంచి బలం. మా నాన్న గునపంతో తవ్వుతుంటే నేను పక్కన కూర్చుని పెంకులు ఏరుకునేవాణ్ని. ఒకరోజు ఎర్రటి పెంకు ఒకటి దొరికింది, కుండ అంచు ముక్క. దాని లోపలివైపు చిన్న గుంట ఉంది. కుమ్మరి పచ్చి మట్టిని నొక్కినప్పుడు వేలు పడిన గుంట అది. అందులో నా బొటనవేలు పెట్టి చూసుకున్నాను. వదులైంది. అది పెద్దవాళ్ల వేలు.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. తర్వాత చరిత్ర చదివి, ముప్పై ఏళ్లు పాఠం చెప్పాను. అయినా ఆ దిబ్బలోంచి ఎన్ని బళ్ల మన్ను మా చేలోకి పోయిందో తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మేం మా పంట కోసం ఒక ఊరిని తవ్వి పొలంలో చల్లాం. అప్పుడది ఊరని మాకు తోచలేదు.

ఈజిప్టులోనూ ఇదే జరిగింది, కాకపోతే చాలా పెద్ద ఎత్తున. పాటిమన్నుకు అక్కడి అరబ్బీలో సెబాఖ్ అని మాట ఉంది. నైలు నది పొడవునా పాత ఊళ్ల దిబ్బల్ని రైతులు ఎరువు కోసం తవ్వుకుపోయారు. అందుకే ఈజిప్టు అనగానే మనకు పిరమిడ్లు, గుళ్లు, సమాధులు గుర్తొస్తాయి, ఇళ్లు గుర్తుకు రావు. దేవుడి ఇంటిని, చనిపోయినవాళ్ల ఇంటిని రాతితో కట్టారు. బతికున్నవాళ్ల ఇళ్లన్నీ పచ్చి ఇటుకలతో కట్టినవే. రాజుగారి మేడ కూడా అంతే. రాయి నిలిచింది, పచ్చి ఇటుక పోయింది. ఇవాళ నేను చెప్పబోయేది ఈ రెండూ ఒకే ప్రహరీలో దాదాపు రెండు వేల ఏళ్లు కలిసి బతికిన చోటు గురించి. దాని పేరు మెదీనెత్ హాబూ.

ఈ బొమ్మ చూడండి. ఇది లక్సార్ పట్నానికి ఎదురుగా, నైలుకి పడమటి ఒడ్డు. పాతకాలంలో దీన్నంతా తీబ్స్ అనేవారు. నదిని ఆనుకుని పచ్చని చేలు, అవి దాటగానే ఎడారి, ఎడారి వెనక కొండలు. పంట ఎక్కడ ఆగి ఇసుక ఎక్కడ మొదలవుతుందో కత్తితో కోసినట్టు కనబడుతుంది. ఆ గీత మీదే ఈ గుడి ఉంది. కట్టించినవాడు మూడో రామ్సెస్. క్రీ.పూ. 12వ శతాబ్దం మొదటి సగంలో దాదాపు 31 ఏళ్లు పాలించాడు. గుడి పొడవు సుమారు 150 మీటర్లు. చుట్టూ ఉన్న ప్రహరీ అటు 300 మీటర్లు, ఇటు 200 మీటర్లు ఉంటుంది. ఆ ప్రహరీ మాత్రం పచ్చి ఇటుకది. దాని మందం సుమారు 10 మీటర్లు. మన ఊళ్లో మూడు గదుల ఇల్లు వరసగా పేరిస్తే ఎంతవుతుందో అంత మందం.

తూర్పున పెద్ద ద్వారం ఉంది. సిరియా వైపు కోటల నమూనాలో కట్టిన ఎత్తైన బురుజు అది. లోపలికి వెళ్తే గోడల మీద యుద్ధాల బొమ్మలు. రాజు పాలన 8వ ఏట సముద్రం మీదుగా వచ్చిన జాతులతో జరిగిన పోరు అందులో ఉంది. చచ్చిన శత్రువుల చేతులు నరికి కుప్ప పోసి, లేఖకులు లెక్క రాసుకునే దృశ్యం కూడా ఉంది. గైడ్లంతా మనల్ని నేరుగా అక్కడికే తీసుకెళ్తారు. ఆ చెక్కడం చాలా లోతు, కొన్ని అక్షరాల్లోకి అరచెయ్యి దూరుతుంది. తర్వాత వచ్చే రాజులెవరూ తన పేరు చెరిపి వాళ్ల పేరు రాసుకోకూడదని అలా చెక్కించాడని చెబుతారు.

నాకు వాటికన్నా ముఖ్యమనిపించేది దక్షిణపు బయటి గోడ. అక్కడ యుద్ధం లేదు, దేవుడికి పెట్టే నైవేద్యాల పట్టిక ఉంది. ఏ పండక్కి ఎన్ని రొట్టెలు, ఎన్ని కుండల బీరు, ఎన్ని బాతులు అన్నది గోడ పొడవునా చెక్కారు. రోజువారీ నైవేద్యమే సుమారు 5,500 రొట్టెలు, 204 కుండల బీరు. అంత దేవుడు తింటాడా? నైవేద్యం పెట్టాక అది ఎక్కడికి పోతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. దేవుడి ముందు పెట్టి, తీసి, పూజారులకు, గుడి పనివాళ్లకు, వాళ్ల ఇళ్లకు పంచేవారు. ఆ రొట్టెలతో కొన్ని వందల కుటుంబాలు బతికాయి. అప్పటికి నాణేలు లేవు. జీతమంటే గింజలే. కాబట్టి గుడి వెనక ఉన్న ధాన్యపు గాదెలే బ్యాంకు, ఖజానా, రేషన్ షాపు.

ఇక గుడి ఆస్తి. రామ్సెస్ చనిపోయాక అతని దానాలన్నీ ఒకే పెద్ద పపైరస్ చుట్ట మీద రాశారు. పపైరస్ అంటే నీటి ఒడ్డున పెరిగే ఒక మొక్క కాడల నుంచి చేసిన కాగితం. దాని పొడవు 40 మీటర్ల పైమాటే. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఈ ఒక్క గుడి కింద పనిచేసే మనుషుల లెక్క అందులో 62,626 అని ఉంది. వాళ్లంతా ఈ ప్రహరీలో లేరు. ఈజిప్టులో చాలాచోట్ల ఉన్న గుడి మాన్యాల్లో, మందల దగ్గర, పడవల మీద ఉన్నారు. మన పెద్ద దేవస్థానాల మాన్యాలు, అగ్రహారాలు, గొల్లలకు అప్పజెప్పిన దీపపు గొర్రెల శాసనాలు చదివినవాళ్లకు ఈ ఏర్పాటు చప్పున అర్థమవుతుంది.

ఇంత ఉండి కూడా ఆకలి వచ్చింది. ఇక్కడ కొంచెం నిదానంగా చెబుతాను.

గుడికి కిలోమీటరు లోపు దూరంలో, కొండల సందులో, దేర్ ఎల్ మెదీనా అనే చిన్న ఊరుంది. రాజుల లోయలో సమాధులు తొలిచి, వాటికి రంగులు వేసే పనివాళ్ల ఊరు అది. గోడ లోపల 70 లోపు ఇళ్లు. వీళ్లు చాలా మంచి పనివాళ్లు, చాలామందికి చదవడం రాయడం వచ్చు. అక్కడ నీళ్లు లేవు, పొలం లేదు. కాబట్టి నీళ్ల దగ్గర్నుంచి గింజల దాకా అన్నీ సర్కారే పంపాలి. మామూలు పనివాడికి నెలకు నాలుగు ఖార్ల గోధుమ, ఒకటిన్నర ఖారు బార్లీ. ఖారు అంటే దాదాపు 77 లీటర్లు. గోధుమ రొట్టెకు, బార్లీ బీరుకు. మేస్త్రీకి ఇంకొంచెం ఎక్కువ.

రామ్సెస్ పాలన 29వ ఏట, అంటే సుమారు క్రీ.పూ. 1157లో, ఆ గింజలు రావడం మానేశాయి. ఒకరోజు పనివాళ్లంతా పనిముట్లు కింద పెట్టి, కాపలా గోడలు దాటి కిందికొచ్చి, పాతకాలపు రాజు మూడో థట్మోస్ గుడి వెనక బైఠాయించారు. అధికారులు వచ్చి ఏవేవో ప్రమాణాలు చేశారు. వాళ్లు కదల్లేదు. మర్నాడు మరో గుడికి వెళ్లారు, రెండో రామ్సెస్ గుడికి. వాళ్లు చెప్పిన మాటలు పపైరస్ మీద రాసి ఉన్నాయి. ఇప్పుడది ఇటలీలో, టూరిన్ మ్యూజియంలో ఉంది. ఆ మాటల సారం ఇది. ఆకలి, దాహం మమ్మల్ని ఇక్కడికి తెచ్చాయి. మాకు బట్టల్లేవు, నూనె లేదు, చేపల్లేవు, కూరగాయల్లేవు. ఈ సంగతి మా ప్రభువు ఫరోకి రాయండి. మా పై అధికారి మంత్రికి రాయండి.

మనకు రాతలో దొరికిన మొట్టమొదటి సమ్మె ఇదే అని చరిత్రకారులు చెబుతారు. నేను గమనించమనేది వాళ్లు ఎక్కడికి వెళ్లి కూర్చున్నారన్నది. రాజభవనానికి వెళ్లలేదు, గుళ్ల దగ్గర కూర్చున్నారు. ధాన్యం ఉన్నది గుళ్లలో కాబట్టి. చివరికి పాత నెల రేషన్ ఇచ్చారు. కొన్నాళ్లకు మళ్లీ ఆగింది, మళ్లీ కూర్చున్నారు. ఇదంతా రాసిపెట్టినవాడు ఆ ఊరి కరణం, అమెన్‌నఖ్త్ అంటారు. కరణం అన్నది నా మాట. అతని ఉద్యోగం సమాధి లేఖకుడు. కానీ చేసే పని చూస్తే, హాజరు పట్టీ రాయడం, గింజలు కొలిపించడం, తగువుల్లో సాక్ష్యాలు రాయడం, మన కరణాల పనే. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

మూడో రామ్సెస్ మంచి చావు చావలేదు. అంతఃపురంలో కుట్ర జరిగింది. దాని విచారణ రికార్డు కూడా దొరికింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఓ అరవై, డెబ్బై ఏళ్లు గడిచాయి. పదకొండో రామ్సెస్ రోజులు. రాజ్యం బలహీనపడింది. ఎడారి వైపు నుంచి లిబియా గుంపులు వచ్చి పడుతున్నాయి. కొండల సందులో ఉన్న ఆ చిన్న ఊరికి రక్షణ లేదు. దాంతో పనివాళ్ల కుటుంబాలు తరతరాల ఇళ్లు వదిలి కిందికొచ్చేశాయి. ఎక్కడికి? మెదీనెత్ హాబూకి. అంత మందపాటి గోడ ఇంకెక్కడుంది? దేవుడి కోసం కట్టిన ప్రహరీ మనుషులకు కోటయింది.

ఆ కాలంలో పడమటి తీబ్స్ ఇళ్ల జాబితా ఒకటి రాశారు. ఒక గుడి నుంచి ఇంకో గుడికి వరసగా నడుస్తూ, ఎదురైన ఇల్లల్లా రాసుకుంటూ పోయారు. 180కి పైగా ఇళ్లు. పూజారి ఇల్లు, జాలరి ఇల్లు, తేనెటీగలు పెంచేవాడి ఇల్లు, చెప్పులు కుట్టేవాడి ఇల్లు, రాగి పనివాడి ఇల్లు, వైద్యుడి ఇల్లు. చాలా భాగం మెదీనెత్ హాబూ, దాని చుట్టుపక్కలే. ఆ జాబితా చదువుతుంటే సాయంత్రం పూట వీధిలో నడిచి వెళ్తున్నట్టే ఉంటుంది నాకు. మన జనాభా లెక్కల మనిషి పలకా బలపంతో గుమ్మం గుమ్మానికీ తిరిగినట్టు.

అలా వచ్చి స్థిరపడ్డవాళ్లలో థట్మోస్ అనే లేఖకుడు ఉన్నాడు. సమ్మె రాసిన అమెన్‌నఖ్త్ వంశంవాడే. అదే ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కి వస్తోంది. ఈ థట్మోస్ పడవ వేసుకుని దక్షిణానికి పోయి, ఊరూరా పన్ను గింజలు వసూలు చేసి, తన పనివాళ్లకు తెచ్చేవాడు. ముత్తాతల నాటి ఆకలి గొడవ అతని నాటికీ తీరలేదన్నమాట. తర్వాత ముసలితనంలో సేనాపతి పియంఖ్ వెంట ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నూబియా దాకా వెళ్లాల్సి వచ్చింది. అక్కడి నుంచి ఇంటికి రాసిన ఉత్తరాలు కొన్ని మిగిలాయి. మూడు వేల ఏళ్ల నాటి ఉత్తరాలు. ఒంట్లో బాగాలేదంటాడు. పిల్లల్ని చూసుకోమంటాడు. ప్రతి ఉత్తరంలోనూ ఒకే వేడుకోలు: నన్ను క్షేమంగా ఇంటికి తీసుకురమ్మని ఆమున్ దేవుడికి చెప్పండి. గల్ఫ్‌కి వెళ్లినవాళ్ల ఉత్తరాలు చదివి వినిపించిన అనుభవం మా ఊళ్లో నాకుంది. ఆ మాటల బరువు నాకు తెలుసు.

ఆ ఉత్తరాలు అందుకున్నది కొడుకు బుతేహామున్. అతని ఇల్లు మెదీనెత్ హాబూలో పడమటి ద్వారం వైపు ఇప్పటికీ కొంత నిలిచి ఉంది. బొమ్మలో ఈ సన్నటి రాతి స్తంభాలు అవే. చుట్టూ గోడలు పోయాయి, స్తంభాలు మిగిలాయి.

బుతేహామున్ భార్య పేరు ఇఖ్తాయ్. ఆమె చనిపోయింది. అతను ఆమెకు ఒక ఉత్తరం రాశాడు. పపైరస్ మీద కాదు, సున్నపురాయి ముక్క మీద. అది ఇప్పుడు పారిస్‌లో, లూవ్ర్ మ్యూజియంలో ఉంది. ఆ ఉత్తరం నేరుగా భార్యతో మొదలవదు, ఆమెను పెట్టిన పెట్టెతో మొదలవుతుంది. ఓ పెట్టె, ఇఖ్తాయ్ నీ లోపల పడుకుని ఉంది, నా మాట విను, నువ్వు ఆమె పక్కనే ఉన్నావు కాబట్టి నా కబురు ఆమెకు చెప్పు, ఎలా ఉన్నావని అడుగు, అని దాని భావం. జీవితమంతా లెక్కలు రాసినవాడు, ఆఫీసు భాషే తెలిసినవాడు, భార్యకు నేరుగా రాయలేక పెట్టెను మధ్యవర్తిగా పెట్టుకున్నాడని నాకనిపిస్తుంది. ఇది నా ఊహే. పండితులు దీనికి కర్మకాండ పరంగా వేరే అర్థాలు చెబుతారు. ఎన్నిసార్లు చదివినా నాకు మాత్రం ఆ పెట్టె ముందు నిలబడ్డ మనిషే కనిపిస్తాడు.

ఇతను ఇంకో పని కూడా చేశాడు. అప్పటికి రాజుల సమాధులు దొంగల పాలయ్యాయి. పూజారులు ఆ రాజుల దేహాలను తీసి, కొత్తగా గుడ్డలు చుట్టి, వేరేచోట దాచారు. మూడో రామ్సెస్ దేహానికి కొత్త కట్లు కట్టే పని అప్పగించిన ఇద్దరిలో ఒకడు లేఖకుడు బుతేహామున్ అని ఆ కట్టు గుడ్డ మీదే రాసి ఉంది. తేదీతో సహా. ఆలోచించండి. ఎవరి గుడి ప్రహరీలో తను కాపురం ఉంటున్నాడో, ఎవరి ఏలుబడిలో తన పూర్వీకుడు ఆకలి లెక్క రాశాడో, ఆ రాజు దేహాన్నే చేతుల్లోకి తీసుకుని గుడ్డ చుట్టించాడు.

ఆ దేహం 1881లో ఒక రహస్య గుహలో మిగతా రాజులతో పాటు బయటపడింది. 1886లో కట్లు విప్పారు గానీ మెడ చుట్టూ ఉన్న మందపాటి కట్లు అలాగే ఉంచేశారు. 2012లో సీటీ స్కాన్ ఫలితాలు వచ్చాయి. మెడ మీద ఎముక దాకా దిగిన కత్తి గాటు ఉంది. గాటులో హోరస్ దేవుడి కన్ను ఆకారంలో ఉన్న రక్షరేకు పెట్టి ఉంది. అంతఃపుర కుట్రలో రాజు చనిపోయాడా లేదా అని పండితులు ఏళ్ల తరబడి వాదించుకున్న ప్రశ్నకు జవాబు ఆ గుడ్డ కింద దొరికింది.

తర్వాతి వెయ్యేళ్ల పైచిలుకు కాలాన్ని నేను త్వరగా దాటేస్తాను. ప్రహరీలో ఒక మూల, మూడో రామ్సెస్ కన్నా మూడు శతాబ్దాల ముందు నుంచే, ఇంకో చిన్న ఆమున్ గుడి ఉంది. సృష్టికి మొదట పుట్టిన ఎనిమిది మంది దేవుళ్లు ఆ నేల కిందే ఉన్నారని నమ్మకం. పది రోజులకోసారి ఆమున్ ఊరేగి వచ్చి ఆ పెద్దలకు తర్పణం ఇచ్చేవాడు. పెద్ద గుడిలో పూజలు ఆగిపోయాక కూడా ఈ చిన్న గుడిలో చాలాకాలం సాగాయి. ఆ ముఖద్వారాలకు గ్రీకు రాజుల, రోమన్ చక్రవర్తుల చేర్పులున్నాయి. గుళ్ల కప్పుల మీద పూజారులు తమ పాదాల చుట్టూ గీతలు చెక్కి, పక్కన పేరు రాసుకున్నారు, దేవుడి ఎదుట ఎప్పటికీ నిలబడి ఉన్నట్టు. మన మండపాల నేలల మీద సాష్టాంగపడ్డ భక్తుల బొమ్మలు చూశారు కదా, అదే కోరిక.

ఇక జేమే. ఆ చిన్న గుడి ఉన్న పుణ్యభూమి పాతపేరే ప్రహరీలోని ఊరి పేరయింది. క్రైస్తవం వచ్చాక, 6, 7, 8 శతాబ్దాల్లో, ప్రహరీ నిండా ఊరు కిక్కిరిసిపోయింది. జనాభా ఒకటి రెండు వేలు ఉండొచ్చని అంచనా. ఇళ్లు ఇరుకు, ఎత్తు మాత్రం ఎక్కువ. కింద నేలమాళిగ, లోపలే మెట్లు, రెండు మూడు అంతస్తులు, అన్నీ పచ్చి ఇటుకలే. పాత ఇల్లు కూలితే ఆ మట్టినే చదును చేసి దాని మీద కొత్తది కట్టేవారు. అలా ఊరు ఏటికేడు పైకి లేచింది. గుడి రాతిగోడకు కన్నాలు కొట్టి దూలాలు దిగేసేవారు. పెద్ద గుడి రెండో ఆవరణలో చర్చి కట్టారు. అడ్డొచ్చిన పాత స్తంభం ఒకటి తీసేశారు, పాత దేవుళ్ల బొమ్మల మీద సున్నం పూశారు. ఆ సున్నం మనకు మేలు చేసింది. దాని కింద రంగులు ఎండకు పోకుండా ఆగాయి. ఇవాళ ఆ ఆవరణలో కనిపించే నీలాలకు, ఎరుపులకు మనం జేమే జనానికి రుణపడ్డాం.

వాళ్ల కాగితం కుండపెంకు. పపైరస్ ఖరీదు, పెంకులు ఊరంతా ఉచితం. రసీదులు, పన్ను చీటీలు, ఉత్తరాలు, పిల్లలు దిద్దిన అక్షరాలు అన్నీ ఈజిప్టు క్రైస్తవుల కాప్టిక్ భాషలో పెంకుల మీదే. తవ్వకాల్లో 34వ నంబరు వేసిన ఇంట్లో కొలోజే అనే ఆవిడ పెంకులు దొరికాయి. ఆవిడ వడ్డీ వ్యాపారం చేసేది. తల్లి కూడా అదే వ్యాపారం. వస్తువులు తాకట్టు పెట్టుకుని అప్పులిచ్చేవారు. ఒక్కో పెంకు ఒక్కో ప్రామిసరీ నోటు. వీధిలో ఎవరి అవసరం ఏమిటో, ఎవరింట్లో ఏ వస్తువు బయటికి పోయిందో ఆవిడకు తెలిసినంత ఫాదరీకి కూడా తెలిసి ఉండదు.

ఇంకో రకం పత్రాలున్నాయి. అవి చదివితే గుండె బరువెక్కుతుంది. 8వ శతాబ్దంలో జేమే తల్లిదండ్రులు తమ పిల్లల్ని దగ్గరి ఆశ్రమానికి రాసిచ్చిన దానపత్రాలు. అలాంటివి 26 దాకా దొరికాయి. ఆ ఆశ్రమం రాణి హాట్షెప్‌సుట్ గుడి శిథిలాల్లో ఉండేది. పత్రాల్లో కథ దాదాపు ఒకటే. బిడ్డకు జబ్బు చేసింది, బతికితే నీకే ఇస్తానని మొక్కుకున్నాం, బతికాడు, మనసు ఒప్పక ఆగాం, మళ్లీ జబ్బు చేసింది, ఇప్పుడు ఇస్తున్నాం. ఆ పిల్లవాడు చేయాల్సిన పనులు కూడా రాశారు: ఊడవడం, నీళ్లు చల్లడం, దీపాలు చూసుకోవడం. కొన్ని నిజంగా మొక్కులే అయ్యుంటాయి. కొన్నిటి వెనక పన్నుల భారం, పేదరికం ఉందని చాలామంది పరిశోధకులు అనుకుంటారు. నాకైతే రెండూ ఒకే ఇంట్లో ఉండి ఉంటాయనిపిస్తుంది. మొక్కుబడి మాట వినగానే మన ఊళ్లలో దేవుడికి ఇచ్చేసిన ఆడపిల్లలు గుర్తొస్తారు. అక్కడ రాసిచ్చింది ఎక్కువగా మగపిల్లల్ని.

9వ శతాబ్దం నాటికి జేమే ఖాళీ అయింది. వెయ్యేళ్లు ఎవరూ లేరు. దిబ్బ మాత్రం ఉంది. గుడి సగం దాకా మట్టిలో, ఆ మట్టి మీద మొండిగోడల ఇళ్లు.

1859లో ఫ్రెంచి పండితుడు మారియెట్ మట్టి తీయించడం మొదలుపెట్టాడు. ఆ శతాబ్దం చివర్లో దరెసీ దాన్ని పూర్తి చేశాడు. వాళ్లకు కావాల్సింది ఫరోల గుడి. పైన ఉన్నది వాళ్ల దృష్టిలో తీసిపారేయాల్సిన మట్టి. జేమే ఇళ్లు పడగొట్టి బళ్ల మీద తోలేశారు, చర్చి స్తంభాలు బయటికి లాగేశారు. ఏ ఇంట్లో ఏం దొరికిందో దాదాపు రాసుకోలేదు. ఆ పెంకులు యూరప్, అమెరికా మ్యూజియాలకు చెదిరిపోయాయి. ఇవాళ ఒకే కుటుంబం పత్రాల్ని నాలుగు దేశాల్లోంచి ఏరుకుని కలపాల్సి వస్తోంది. మిగిలిన అంచుల్ని 1920ల చివర్లో షికాగో విశ్వవిద్యాలయం తరఫున జర్మన్ వాస్తుశిల్పి ఊవో హోల్షర్ శ్రద్ధగా తవ్వాడు. ప్రతి గోడకూ నక్షా గీశాడు, ఇళ్లకు నంబర్లు వేశాడు. కొలోజే పేరు మనకు తెలిసింది ఆ పని వల్లే. 34వ ఇల్లు అంచున మిగిలింది కాబట్టి ఆవిడ మిగిలింది. మధ్యలో ఉన్న ఇళ్లవాళ్లంతా ఎవరో మనకు తెలియదు.

మారియెట్‌నీ, దరెసీనీ తిట్టడానికి నాకు మనసొప్పదు. రాజుల శాసనాలు చదవాలన్న ఆత్రం వాళ్లది, చేను పండాలన్న ఆత్రం మాది. కానీ పోయింది చిన్న నష్టం కాదు. రాజు ఏం చెప్పుకున్నాడో ఆ గోడలు ఇప్పటికీ గట్టిగా చెబుతున్నాయి. ఊరు ఏం తిన్నదో, ఎవరికి బాకీ పడిందో, ఏ పిల్లకు ఏ జబ్బు చేసిందో ఆ మట్టిలో ఉండేది.

ఇప్పుడు రాతికీ గండమే. చెరకు తోటలకు పెట్టే నీళ్ల వల్ల భూగర్భజలం పైకొచ్చి, గోడల్లోకి ఉప్పు ఎక్కుతుంది. నీరు ఆవిరయ్యాక ఉప్పు స్ఫటికాలు రాయిని పొరలు పొరలుగా ఊడగొడతాయి. గోడ అడుగున చెయ్యి రాస్తే ఇసుకలా రాలుతుంది. నీటి మట్టం తగ్గించే కాలవలు వేశారు, షికాగో బృందం ఇప్పటికీ ఆ గోడల్ని నకలు తీస్తూ బాగుచేస్తూనే ఉంది.

నేను అక్కడికి వెళ్లినప్పుడు గైడు నరికిన చేతుల కుప్ప చూపించి, ఫొటోలు తీయించి, ఇక వెనక్కి వెళ్దాం అన్నాడు. గుడి వెనక్కి వెళ్లి చూస్తానంటే అక్కడేమీ లేదు, మట్టే అన్నాడు. నేను ఒక్కణ్నే వెళ్లాను. కాలు పెట్టిన చోటల్లా పెంకులు కరకరలాడుతున్నాయి. రాతిగోడ మీద, మనిషికి అందనంత ఎత్తులో, వరసగా చదరపు కన్నాలు కనిపించాయి. అవి జేమే ఇళ్ల దూలాలు దిగేసిన కన్నాలు. కింద ఇల్లు లేదు, పైన అంతస్తు లేదు, దూలం దూరిన కన్నం మాత్రం ఉంది. అంత ఎత్తున ఒకరి వంటగదో పడకగదో ఉండేది. మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. ఆ తర్వాత పడమటి వైపుకి నడిచి బుతేహామున్ స్తంభాల మధ్య కాసేపు కూర్చున్నాను.

మా ఊరి పాటిదిబ్బ పెంకు ఇదిగో, నా జేబులో ఉంది. ముందు వరస నుంచి పంపిస్తాను. లోపలివైపు వేలిగుంట ఉంటుంది, వేలు పెట్టి చూడండి. చూశాక పక్కవాళ్లకు ఇవ్వండి. అది తిరిగి నా దగ్గరికి వచ్చేలోపు మీరు ప్రశ్నలు అడగొచ్చు.